కట్టిన చెయ్యే విప్పాలి

ఎక్స్‌రే తీయించుకోవడానికి వచ్చేవాళ్ళు ఆ రోజుల్లో తల దువ్వుకుని మరీ వచ్చేవారు. నేను తిరువూరులో ఉద్యోగంలో చేరిన కొత్తలో, అంటే డెబ్భైల్లో మాట, కొందరు పౌడరు కూడా రాసుకునేవారు. "చొక్కా విప్పండి" అంటే మొహం చిన్నబుచ్చుకునేవారు. ఉతికిన చొక్కా వేసుకొచ్చింది ఫోటో కోసమే కదా! "ఇది లోపలి ఫోటో తాతా, పైన ఎలా ఉన్నా పర్వాలేదు" అని నేనంటే, "లోపల మాత్రం ఇంకేం బాగుంటుంది బాబూ" అని ఒకాయన నిట్టూర్చాడు. నాకు నవ్వొచ్చింది. అప్పుడు నాకు పాతికేళ్ళు నిండి ఏడాదో రెండేళ్ళో అయింది, అంతే.

ఇప్పుడు ఈ పని నేర్చుకునే పిల్లలు కంప్యూటరు ముందు కూర్చుని, "మీ కాలంలో ఎలా చేసేవారు సార్?" అని అడుగుతుంటారు. చెప్పేవాడికి వినేవాడు లోకువ కాబట్టి నేనూ మొహమాటం లేకుండా చెబుతుంటాను. కాలిన ఫిలింల గురించి, చస్తే నిలబడని వోల్టేజి గురించి, ఎక్స్‌రేకి ముందు గాజులు తియ్యనని మొండికేసిన ఆడవాళ్ళ గురించి నవ్వుతూ చెబుతాను. ఒక్క రోజు గురించి చెప్పేటప్పుడు మాత్రం నవ్వు రాదు. ఆ రోజు చీకటి గదిలో ఒక ముసలాయన ఊపిరితిత్తి కదలడం చూశాను. అంతకు ముందూ ఆ తర్వాతా ఎన్నో ఛాతీలు చూశాను గానీ, చూస్తూ చూస్తూ చేతులు జోడించాలనిపించింది ఆ ఒక్కసారే.

ముందు ఆ గది సంగతి చెప్పాలి. మా ఆసుపత్రిలో ఉన్న పాత మిషను రెండు పనులు చేసేది. ఒకటి, ఫిలిం మీద బొమ్మ తీయడం. రెండోది స్క్రీనింగు. మనిషిని మిషనుకీ ఒక పలకకీ మధ్య నిలబెట్టి కాలితో పెడలు నొక్కితే, ఆ పలక మీద అతని ఛాతీ పసుపుపచ్చ వెలుగులో కనపడేది. ఫిలిం మీద బొమ్మ కదలదు. ఇందులో అన్నీ కదులుతాయి. గుండె కొట్టుకోవడం, గాలి పీల్చినప్పుడు ఊపిరితిత్తుల అడుగున ఉండే కండర పొర కిందికి దిగడం, వదిలినప్పుడు పైకి లేవడం, అంతా కళ్ళముందే. అయితే ఆ వెలుగు ఎంత మసకంటే, ఎండలోంచి వచ్చినవాడికి గోడ తప్ప ఏమీ కనపడదు. కళ్ళు చీకటికి అలవాటు పడాలని డాక్టరు గారూ నేనూ స్క్రీనింగుకి ముందు చాలాసేపు ఎర్ర కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగేవాళ్ళం. మండుటెండలో ఎర్ర కళ్ళద్దాలతో, నోట్లో సిగరెట్టుతో ఆయన వరండాలో పచార్లు చేస్తుంటే, కొత్తగా వచ్చిన రోగులు కళ్ళకలక అనుకుని దూరం జరిగేవారు.

ఇక కట్టు సాయిబు గారి సంగతి. ఊళ్ళో ఎముక విరిగితే మొదట మా దగ్గరికి ఎవరూ వచ్చేవారు కాదు. బస్టాండుకి అవతల సందులో ఆయన ఇల్లు. అందరూ అక్కడికే. డెబ్భై దాటిన మనిషి, పొట్టిగా గట్టిగా, తెల్లగడ్డంతో ఉండేవారు. తాత, తండ్రి చేసిన పనే ఆయనా చేశారు, కొడుక్కీ నేర్పారు. విరిగిన చోట వేళ్ళు పెట్టి, కళ్ళు మూసుకుని, ఎముక ఎక్కడ తప్పిందో వెతికి పట్టుకుని, ఒక్క గుంజు గుంజి సరిచేసేవారు. మినప్పిండీ కోడిగుడ్డు తెల్లసొనా కలిపి పట్టించిన గుడ్డ దాని మీద చుట్టి, వెదురుబద్దలు పెట్టి బిగించేవారు. ఆరితే ఆ కట్టు రాయే. కట్టు ఎంత బిగువుగా ఉంటే కట్టినవాడు అంత మొనగాడని ఆ ఇంటి లెక్క.

ఇంకో నియమం కూడా ఉండేది వాళ్ళకి. కట్టిన చెయ్యే విప్పాలి. వేరే చెయ్యి తగిలితే ఎముక మళ్ళీ తప్పుతుందని నమ్మకం. మా కాంపౌండరు ఒకసారి తెలీక ఎవరికో ఆయన కట్టు కత్తిరించాడు. మర్నాడు సాయిబు గారు ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చి, "మీరు పొడిచిన సూది నేనెప్పుడన్నా పీకానా?" అని ఒక్క ప్రశ్న అడిగి వెళ్ళిపోయారు. కాంపౌండరు ఆ తర్వాత ఆయన సందులో సైకిలు దిగి నడిచేవాడు.

ఆయన కట్టినవాళ్ళు కొందరు అతికిందో లేదో చూపించుకోవడానికి దొంగచాటుగా నా దగ్గరికి వచ్చేవారు. కీళ్ళ దగ్గర విరిగినవి, చర్మం చీల్చుకుని వచ్చినవి ఆయనకి లొంగేవి కావు, అవి చెడిపోయి మా దగ్గరికి చేరేవి. కానీ ముంజేయి, కాలిపిక్క లాంటివైతే ఆ ఫిలింలు చూసి నేను నోరెళ్ళబెట్టేవాణ్ణి. అంత తిన్నగా ఉండేవి. ఒకసారి బజార్లో కనపడితే ఆ మాటే చెప్పాను, "మీరు కట్టిన చెయ్యి ఫోటోలో చూశానండీ, చాలా బాగా కుదిరింది" అని. సంతోషిస్తారనుకున్నాను. "నీడని చూసి మెచ్చుకుంటున్నావా నాయనా? నేను మనిషిని చూసి కట్టాను" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. చదువుకుని, సర్టిఫికెట్టు తెచ్చుకుని, సీసం ఏప్రను వేసుకుని పనిచేసేవాణ్ణి నేను! రెండు మూడు రోజులు ఆ మాట అన్నం దగ్గర కూడా గుర్తొచ్చింది.

ఆ ఏడు మామిడికాయల కాలంలో, విస్సన్నపేటలో ఎవరో రైతుకి కాలు విరిగిందని కబురొస్తే సాయిబు గారు బస్సెక్కి వెళ్ళారు. దిగేటప్పుడు రెండో కాలు నేల మీద ఆనకముందే బస్సు కదిలింది. మనిషి కుడి పక్కకి పడ్డారు. లేచి, దుమ్ము దులుపుకుని, నడిచి వెళ్ళి ఆ రైతుకి కట్టు కట్టి మరీ ఇంటికొచ్చారట. వచ్చాక కొడుకు వేళ్ళు తన పక్క మీద పెట్టించి, "మూడు పోయినయ్, కట్టు" అన్నారు. చంకల కింద నుంచి బొడ్డు పై దాకా, రొమ్మూ వీపూ కలిపి చుట్టించుకున్నారు. ఒక మనిషి పక్కటెముకల్ని రాతిలో పెట్టినట్టయింది.

వారం తిరిగేసరికి ఆయన్ని రిక్షాలో ఆసుపత్రికి తీసుకొచ్చారు. కొడుకు ఒక పక్క, భార్య ఒక పక్క. ఆయన కూర్చోలేక, పడుకోలేక, పైపైన చిన్న చిన్న ఊపిర్లు తీస్తున్నారు. పెదాలు నల్లబడ్డాయి. గొంతులో కఫం గరగరలాడుతోంది, దగ్గి బయటికి తెచ్చే సత్తువ లేదు. జ్వరం మాత్రం పెద్దగా లేదు. "జ్వరం లేదు కదా, తగ్గిపోద్దనుకున్నాం" అన్నాడు కొడుకు. "ముసలివాళ్ళతో వచ్చిన చిక్కే అది. నిమ్ము చేసినా ఒళ్ళు కాలదు. మనిషి మగతలోకి జారిపోతాడు, అంతే" అన్నారు డాక్టరు గారు. పెన్సిలిన్ ఇమ్మని సిస్టర్‌కి చెప్పి, కట్టు మీద వేలితో కొట్టి చూశారు. తలుపు కొట్టినట్టు మోగింది.

"ముందు ఇది తీసెయ్యాలి."

మగతలో ఉన్న సాయిబు గారు కళ్ళు తెరిచారు. "కుదరదు" అన్నారు. ఆ ఒక్క మాటకే ఆయాసం వచ్చింది.

భార్య డాక్టరు గారి చెయ్యి పట్టుకున్నంత పని చేసింది. "విప్పితే ఆ ముక్కలు గుండెలో దిగుతాయి బాబూ. ఎన్ని కట్లు చూశాను నేను! పచ్చి కట్టు విప్పకూడదు." కొడుకు తల వంచుకుని నిలబడ్డాడు. అటు తండ్రి ఊపిరి, ఇటు తండ్రి మాట. ఏ వైపు మాట్లాడినా తప్పే.

బయటికొచ్చాక నేను డాక్టరు గారిని అడిగాను. "పోయిన నెల లారీ క్లీనరుకి కూడా ఈయన ఇలాగే కట్టారు కదా సార్? వాడు కట్టుతోనే సినిమాలకి తిరిగాడు. ఈయనకే ఎందుకిలా అయింది?"

ఆయన సిగరెట్టు వెలిగించి చెప్పారు. ఆ మాటలు నేను ఇప్పటికీ పిల్లలకి చెబుతుంటాను. "ఊపిరితిత్తులు పాతికేళ్ళకి నిండుగా ఎదుగుతాయి. ఆ తర్వాత కొన్నాళ్ళకి సత్తువ తగ్గడం మొదలెడుతుంది. మనం సిగరెట్టు తాగినా, తాగకపోయినా. తాగితే తొందరగా, అంతే తేడా. పక్కటెముకల అతుకులు బిగుసుకుంటాయి. ఊపిరితిత్తుల్లో సాగే గుణం తగ్గుతుంది. లోపలికెళ్ళిన గాలి మొత్తం బయటికి రాదు. దగ్గు బలం తగ్గుతుంది. ఇదంతా జరుగుతున్నట్టు మనిషికి తెలీదయ్యా, ఎందుకంటే దేవుడు మొదట్లోనే అవసరానికి మించి ఇచ్చాడు. ఆ క్లీనరు సగం ఊపిరి కట్టేసుకున్నా మిగతా సగంతో ఊరంతా తిరిగాడు. ఈయనకి ఈ వయసులో మిగిలిందే ఆ సగం. దాన్నీ కట్టేశారు. కఫం అడుగున చేరింది, నిమ్ము పట్టింది. ఆ కట్టు ఇవాళ తీయకపోతే ఎల్లుండికి మనిషి ఉండడు."

నేను అప్పుడు నా ఛాతీ మీద చెయ్యి వేసుకున్నాను. అందులో ఏదో తరిగిపోతోందని ఎవరూ నాకు అంతవరకు చెప్పలేదు. ఇప్పుడైతే ఎవరూ చెప్పక్కర్లేదు. మా అపార్ట్‌మెంటులో లిఫ్టు ఆగిపోతే, రెండో అంతస్తు దగ్గర నిలబడి పక్కింటివాళ్ళ పూలకుండీలు మెచ్చుకుంటాను. వాళ్ళు నన్ను పూలంటే ప్రాణం ఉన్న మనిషిననుకుంటారు. నిజానికి నాకు చామంతికీ బంతికీ తేడా తెలీదు, ఊపిరి అందేదాకా కదల్లేను.

సరే. డాక్టరు గారు సగం సిగరెట్టు పారేసి, ఎర్ర కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "స్క్రీనింగుకి రెడీ చెయ్యి. ఆయన నా మాట వినడు, నీ మిషన్ని నమ్మడు. ఆవిడ చెబితే వింటాడేమో. ఆవిణ్ణి కూడా లోపలికి తీసుకురా."

"రోగి తప్ప వేరేవాళ్ళు ఉండకూడదని రూలు కదా సార్?"

"ఆయన చచ్చిపోవచ్చని రూలుందా?" అని కసిరారు. పిల్లలూ, మీరు మాత్రం ఈ పని చెయ్యకండి. అది అప్పుడూ తప్పే, ఇప్పుడూ తప్పే. ఆవిడకి నా సీసం ఏప్రను తొడిగి, నేను పలక కనపడేలా తలుపు పక్క గోడ చాటున నిలబడ్డాను.

అంతకన్నా ముందు ఆవిడ కళ్ళు చీకటికి అలవాటు పడాలి కదా. నా ఎర్ర కళ్ళద్దాలు ఆవిడకి పెట్టి వరండాలో బల్ల మీద కూర్చోబెట్టాను. నెత్తి మీద కొంగు, కింద ఎర్ర కళ్ళద్దాలు, కళ్ళద్దాల కింద నుంచి కారుతున్న కన్నీళ్ళు. అటు పోతున్న సిస్టర్ నవ్వు ఆపుకోలేకపోయింది. "మా వీధిలో చెప్పకండి తల్లీ" అంది ఆవిడ ఏడుస్తూనే. ఆ తర్వాత నేను చీకటి గదిలో కూర్చుని నా కళ్ళు అలవాటు చేసుకున్నాను.

లోపల సాయిబు గారిని పలక వెనక స్టూలు మీద కూర్చోబెట్టాం. చిన్న ఎర్ర బల్బు ఆర్పేశాను. చీకట్లో ఆయన గరగర ఒక్కటే వినపడుతోంది. డాక్టరు గారు పెడలు నొక్కారు. పలక మీద వెలుగు వచ్చింది. పక్కటెముకలు, వాటి వెనక మసక, మధ్యలో కొంచెం ఎడమగా కదులుతున్న నల్లటి ముద్ద.

"అదేంటి బాబూ, అట్లా కొట్టుకుంటోంది?" అంది ఆవిడ గుసగుసగా.

"గుండె అమ్మా."

"ఈయనదేనా?"

"ఆయనదే."

ఆవిడ పలక దగ్గరికి వంగింది. "నిద్రపోయినప్పుడు కూడా ఇట్లాగే కొట్టుకుంటుందా?"

"నిద్రలో కూడా. పుట్టిన దగ్గర్నుంచీ ఆగలేదమ్మా" అన్నారు డాక్టరు గారు. రోగుల్ని కసిరే గొంతు కాదది. ఆయనకి అలాంటి గొంతు ఒకటుందని నాకు ఆ రోజే తెలిసింది.

"యా అల్లా" అంది ఆవిడ. "పెళ్ళయిన కాణ్ణుంచీ పక్కనే ఉన్నాను. ఇట్లా ఉంటుందని నాకు తెలీనేలేదు."

పలక వెనక నుంచి సాయిబు గారు అడిగారు. "ఏమే… ఏం… కనపడుతోంది?"

"గాలి పీల్చండి" అన్నారు డాక్టరు గారు.

ఎడమ వైపు అడుగున పొర కొంచెం దిగింది. కుడి వైపు దిగలేదు. అక్కడ సగం దాకా నల్లగా మూసుకుపోయి ఉంది. మళ్ళీ పీల్చమన్నారు. ఎడమ కదిలింది, కుడి కదల్లేదు. ఏది ఏ పక్కో నేను ఆవిడకి చెప్పాను. మిగతాది ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"ఎడం పక్క దిగుతోందండీ" అంది ఆవిడ. "మీకు దెబ్బ తగిలిన పక్క దిగట్లేదు. మీరు లాగుతున్నారు గానీ అది రావట్లేదు. కట్టు పట్టేసింది."

"సరిగ్గా… చూడు."

"చూస్తున్నా. చీకట్లో ఇంకేం చూస్తాను? అదే చూస్తున్నా. రావట్లేదు."

గరగర ఆగి, మళ్ళీ మొదలైంది. "ఎముకో?" అని అడిగారాయన.

"మూడు విరిగాయి. మీరు చెప్పినవే మూడు" అన్నారు డాక్టరు గారు. "ముక్కలు ఎటూ తొలగలేదు. గుండెకి చాలా దూరం."

పెడలు వదిలేస్తే చీకటి. ఆ చీకట్లో ఒక ముసలాయన తన జీవితమంతా కట్టిన కట్ల గురించి ఏం అనుకున్నాడో నాకు తెలీదు. కట్టు విప్పమంటే ఓడిపోయినట్టు. వద్దంటే చనిపోయినట్టు. నీడని నమ్మని మనిషి ఆ రోజు భార్య కళ్ళని నమ్మారు.

"వాణ్ణి పిలవండి" అన్నారు. "కట్టిన చెయ్యే… విప్పాలి."

ఎర్ర బల్బు వేసి కొడుకుని లోపలికి తీసుకొచ్చాను. కత్తెర చేతికిచ్చాను. "నా వల్ల కాదు నాన్నా" అన్నాడు. "కట్టడం అయింది గదరా. ఇదీ అయిద్ది" అన్నారు తండ్రి. ఎండిన పిండి కత్తెరకి లొంగలేదు. చంక కింద నుంచి కొద్దికొద్దిగా, పెంకు వలిచినట్టు, కొడుకు కోసుకుంటూ వచ్చాడు. వెదురుబద్దలు ఒక్కొక్కటీ నేల మీద పడుతున్న చప్పుడు. చివరి గుడ్డ తొలగేటప్పుడు సాయిబు గారు నొప్పికి గట్టిగా మూలిగారు. కొడుకు ఏడుస్తున్నాడు, చెయ్యి మాత్రం ఆపలేదు.

బల్బు ఆర్పాను. పెడలు నొక్కారు.

"తాతా, ఇప్పుడు పీల్చండి. నొప్పెడుతుంది. అయినా పీల్చండి."

ఆయన పీల్చారు. కుడి పక్క ఆ పొర ముందు వణికింది. తర్వాత దిగింది. వేలెడంత. మళ్ళీ పీల్చమంటే ఇంకొంచెం. ఇన్నాళ్ళు మూసి ఉన్న చోట, నల్లటి మబ్బు అంచున, గాలి చేరి వెలుగు పలచగా పాకింది. పక్కటెముకలు ఒక్కొక్కటీ విడివిడిగా పైకి లేచాయి, విరిగినవి కూడా. డెబ్భై ఏళ్ళుగా పనిచేసి, వయసుకి సగం అప్పగించి, వారం రోజులు రాతిలో నలిగిన ఊపిరితిత్తి, అడ్డు తొలగిన మరుక్షణం మళ్ళీ తన పనిలోకి దిగిపోయింది. ఎవరి మీదా కోపం లేదు దానికి. నాకు కళ్ళు చెమర్చాయి. డాక్టరు గారు పెడలు మీద నుంచి కాలు తీయడం ఒక క్షణం మర్చిపోయారు.

"వచ్చిందండీ!" అంది ఆవిడ. "దిగిందండీ, ఆ పక్క కూడా దిగింది!" కొడుకు చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

అక్కడితో అయిపోతే కథలా ఉండేది. అసలు కష్టం ఆ తర్వాతే. వార్డులో దిండ్లు ఎత్తుగా పెట్టి కూర్చోబెట్టమన్నారు డాక్టరు గారు. చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ "పాపం, పెద్ద ప్రాణం, పడుకోబెట్టండి, మాట్లాడించకండి" అని సలహా ఇచ్చేవాళ్ళే. పడుకుంటే కఫం అడుగున నిలిచిపోతుంది, గట్టిగా గాలి పీల్చాలి, దిండు పక్కకి అదిమి పెట్టుకుని దగ్గాలి అని సిస్టర్ గంట గంటకీ చెప్పేది. సాయిబు గారు వినలేదు. నొప్పి ఒకటి, మొండితనం ఒకటి. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు. కట్టు విషయంలో ఒకసారి దిగొచ్చాను, ఇక దిగనన్నట్టు పెదాలు బిగించి కూర్చున్నారు. చిన్న ఊపిర్లు, మళ్ళీ గరగర.

రెండో రోజు మధ్యాహ్నం నేను వార్డు పక్కనుంచి వెళుతుంటే పెద్ద గొడవ వినపడింది. లోపలికెళ్ళి చూస్తే మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటున్నారు.

"మా తమ్ముడి పెళ్ళిలో బిర్యానీ మాడిందని మీరు ఊరంతా చాటలేదూ?" అంటోంది ఆవిడ.

"మాడలేదూ? నల్లగా… బొగ్గులాగా…"

"మీ వాళ్ళే పొయ్యి దగ్గర కూర్చుని కబుర్లు చెప్పుకుని మాడ్చారు."

"మావాళ్ళా!" ఆయన నిటారుగా లేచి గుండెల నిండా గాలి తీసుకున్నారు, ఆ అభాండానికి జవాబు చెప్పాలంటే మామూలు ఊపిరి చాలదు కదా. సగంలో దగ్గు తన్నుకొచ్చింది. ఆవిడ చప్పున దిండు తీసి ఆయన పక్కకి రెండు చేతులతో అదిమిపట్టింది. దగ్గి దగ్గి, కఫం వచ్చింది. మూతి తుడిచి, ఒక గుక్క గోరువెచ్చని నీళ్ళు పట్టి, ఆవిడ మళ్ళీ మొదలుపెట్టింది. "సరే, అది పోనివ్వండి. మీ అక్కయ్య నా మీద ఏమందో చెప్పనా?"

సిస్టర్ వెళ్ళి డాక్టరు గారికి ఫిర్యాదు చేసింది, వార్డులో ఆ గోలేంటని. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి కాసేపు విన్నారు. "గంటకోసారి పోట్లాడమని చెప్పు. పెన్సిలిన్‌తో పాటు ఇది కూడా" అన్నారు. అలా కాపరమంతా తిరగేశారు ఆ ఇద్దరూ. మందులు పనిచేశాయని కేసు షీటులో రాశాం. అబద్ధం కాదు. కానీ ఆ మందుని లోపలిదాకా చేర్చింది ఎవరో వార్డులో అందరికీ తెలుసు.

ఆయన బతికారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరు గారు ఉన్న మాట చెప్పారు. "నిమ్ము తగ్గింది. వయసు తీసుకెళ్ళింది మాత్రం తిరిగిరాదు తాతా. పొయ్యి పొగ దగ్గర కూర్చోవద్దు. రోజూ కాస్త నడవండి. జలుబు చేస్తే ఇంట్లో చూద్దాంలే అనుకోకండి, మీ వయసులో జలుబు ఛాతీలోకి దిగడానికి ఎంతోసేపు పట్టదు." సాయిబు గారు అంతా విని, ఆయన వేళ్ళ మధ్య కాలుతున్న సిగరెట్టు వైపు చూసి, "మరి తమరో?" అన్నారు. డాక్టరు గారు దాన్ని నేలకేసి నలిపేశారు. సాయంత్రానికి ఇంకోటి వెలిగించారనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడొక అన్యాయం జరిగింది. ఊళ్ళో మాట పుట్టింది. "కన్నతండ్రిని కట్టుతో చంపబోయాడు" అని. ఎవరన్నారో తెలీదు, అందరూ అన్నారు. కొడుకు దగ్గరికి రావడం మానేశారు. వచ్చినవాళ్ళు కూడా "పెద్దాయన లేరా?" అని అడిగి, లేరంటే వెనక్కి పోయేవారు. అతను నాకు బస్టాండులో కనపడ్డాడు, చేతులు లాల్చీ జేబుల్లో దోపుకుని నిలబడి ఉన్నాడు. ఆ చేతుల్ని ఏం చెయ్యాలో తెలీనట్టు.

వానలు మొదలయ్యాక ఒక రోజు పొద్దున, మా వరండా నిండా జనం. ఎవరి చీటీ వాళ్ళు పట్టుకుని కూర్చున్నారు. గేటు దగ్గర సాయిబు గారు కనపడ్డారు. వెనక భార్య, కొడుకు, నెమలి అనే ఊరి వైపు నుంచి వచ్చిన ఒక ముసలి రైతు. రైతు పక్క పట్టుకుని వంగి నడుస్తున్నాడు, దూడ కుమ్మిందట. సాయిబు గారు నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకుంటున్నారు. గేటు నుంచి వరండా ఎంత దూరమని! నేను ఎదురెళ్ళి చెయ్యి పట్టుకోబోతే వద్దన్నారు. మెట్లెక్కి, జనం మధ్యకి వచ్చి నిలబడ్డారు.

"వినండయ్యా" అన్నారు. గొంతు పెద్దదే, ఊపిరే చాలట్లేదు. "ఈయన కట్టు కోసం… నా దగ్గరికొచ్చాడు. నేను కట్టలేదు."

వరండాలో అందరూ ఆయన వైపు తిరిగారు. అక్కడున్న వాళ్ళలో సగం మందికి ఎప్పుడో ఒకప్పుడు ఆయన కట్టు కట్టారు.

"చెయ్యి కట్టచ్చు, కాలు కట్టచ్చు. వయసు మళ్ళినోడి పక్కలు… కట్టకూడదు. ఊపిరి ఆగిపోద్ది. నాకు ఆగిపోయింది. మీరంతా… మావాణ్ణి అన్నారు." ఆగారు. గాలి తీసుకున్నారు. "వాడు 'చాలు నాన్నా, ఇంక బిగించను' అన్నాడు. నేనే వినలా. ఇంకా బిగించు, ఇంకా బిగించు అన్నాను. తప్పు వాడి చేతిది కాదు. నా… నోటిది."

కొడుకు తల ఎత్తలేదు. డాక్టరు గారు గది గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. ముంజేయి వాచిన ఒకావిడ బల్ల మీంచి లేచి, చీటీ కొంగున ముడేసుకుని, ఆ కొడుకు ముందుకెళ్ళి చెయ్యి చాపింది. అతను జేబుల్లోంచి చేతులు తీశాడు.

నేను స్టూలు లాగి సాయిబు గారిని కూర్చోబెట్టాను. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. భార్య వీపు రాస్తూ కసురుతోంది. "మెల్లిగా చెబితే వినపడదా వాళ్ళకి? అంత అరవాలా? ఉన్న కాస్త ఊపిరీ ఇట్లా పోగొట్టుకుంటారా?"

ఆయన ఆవిడ వైపు చూశారు.

"దీనిక్కాకపోతే…" అన్నారు, గాలి కోసం ఆగి, "ఇంకెందుకే… ఈ ఊపిరి?"